గిల్లడం మానెయ్, మిగతాది నేను చెప్తా

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

నీ మెసేజ్ రాత్రి పదకొండింటికి చూశాను. నీ కాళ్ల మీద పొక్కుల ఫోటో కూడా చూశాను. ఫోన్‌లో జవాబు కొడితే నాలుగు ముక్కల్లో తేలిపోతుందని, ఇవాళ అన్నం తిని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. "పెళ్లి ఏడు వారాల్లో ఉంది, నా కాళ్లు చూస్తే నాకే ఏడుపొస్తోంది, పట్టీలు పెట్టుకోవాలన్నా సిగ్గుగా ఉంది" అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయానే. హాస్టల్లో ఉన్న రెండేళ్లూ నేను ఇదే పడ్డాను. నీకు కూడా చెప్పలేదు. ఎండాకాలంలో కూడా పొడుగు లెగ్గింగ్స్ వేసుకుని తిరిగేదాన్ని, గుర్తుందా? అందుకే.

ముందు ఇదేదో జబ్బని భయపడకు. దీన్ని ఇన్‌గ్రోన్ హెయిర్ అంటారు. వెంట్రుక పైకి రావాల్సింది పక్కకి తిరిగి చర్మం కిందే పెరుగుతుంది. లేదంటే బయటికి వచ్చాక కొక్కెంలా వంగి మళ్లీ లోపలికి గుచ్చుకుంటుంది. అది తన వెంట్రుకే అని ఒంటికి తెలీదు, ముల్లు దిగిందనే అనుకుంటుంది. అందుకే ఎర్రగా పొక్కుతుంది, దురద పెడుతుంది, ఒక్కోసారి చీము పడుతుంది. రింగుల జుట్టు వాళ్లకి ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్ల వెంట్రుక పుట్టుకతోనే వంపు తిరిగి ఉంటుంది. నీ జుట్టు సంగతి నాకు తెలుసు కదా, మూడేళ్లు దానికి చిక్కులు తీసింది నేనే.

ఇప్పుడు నీకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది: గిల్లకు. నీ ఫోటోలో నల్ల మచ్చలున్న చోట్లు చూశాను. వెంట్రుక వల్ల వచ్చిన పొక్కు దానంతట అది తగ్గిపోయేదే. మచ్చ ఇంతలా పడింది గోళ్లవల్ల, పిన్నీసువల్ల. మన చామనఛాయ ఒంటికి ఎక్కడ వాపు వచ్చి తగ్గినా అక్కడ నల్లటి గుర్తు మిగులుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. పొక్కుది వారం రోజుల బాధ, మచ్చది ఆరు నెలల బాధ.

నేనేం చేశానో విను. హాస్టల్ బాత్రూంలో ట్యూబ్‌లైట్ కింద స్టూలు మీద కాలు పెట్టుకుని, కుట్టుసూదితో మోకాలి కింద తవ్వేదాన్ని. వెంట్రుక కనిపించకపోయినా తవ్వేదాన్ని. ఒకసారి అది సెగ్గడ్డలా లేచి, మూడు రోజులు నడిస్తే కాలు సలిపింది. అమ్మ పట్టుబట్టి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ లైటున్న చిన్న భూతద్దం లాంటిది కాలికి ఆనించి నన్ను కూడా చూడమంది. చర్మం కింద, పల్చటి పొర వెనక, నల్లగా ఒక చుట్ట. గడియారంలో స్ప్రింగ్ ఉంటుందే, అచ్చం అలాగే. శుభ్రం చేసిన సూది మొనతో ఆ చుట్ట అంచుని మాత్రం పైకి లేపింది, అంతే. నొప్పి కూడా తెలీలేదు. వెంట్రుక విప్పుకుని బయటికి లేచి నిలబడింది, దాదాపు సెంటీమీటరు పొడుగు. నేను "పీకెయ్యండి మేడమ్" అన్నాను. "పీకితే మళ్లీ వచ్చేది కూడా అదే దారిలో అలాగే వస్తుందమ్మా, అలా వదిలెయ్యి" అంది. నేను అప్పటిదాకా చేసిన తప్పంతా అక్కడే ఉందనిపించింది.

కాబట్టి ఇవాళ్టి నుంచి నాలుగు వారాలు వ్యాక్సింగ్ లేదు, రేజర్ లేదు, వెంట్రుకలు పీకే ఎపిలేటర్ మెషీన్ లేదు. కాళ్ల మీద వెంట్రుకలు పెరుగుతాయి, పెరగనీ. పొడుగయ్యే కొద్దీ లోపల ఇరుక్కున్నవి చాలావరకు వాటంతట అవే బయటికి వచ్చేస్తాయి. పొక్కు నొప్పిగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డ పదినిమిషాలు వేసి ఉంచు, రోజుకి రెండు మూడు సార్లు. రాత్రిపూట సాలిసిలిక్ యాసిడ్ రెండు శాతం ఉన్న లోషన్ పల్చగా రాసుకో, మొదటి వారం రోజు విడిచి రోజు చాలు. పైన పేరుకున్న చచ్చిన చర్మాన్ని అది కరిగించి వెంట్రుకకి దారి ఇస్తుంది. ఆ తర్వాత మాయిశ్చరైజర్ తప్పకుండా రాయి. పగలు కాళ్లు బయట కనపడేలా ఉంటే సన్‌స్క్రీన్ కూడా రాయి, లేకపోతే ఎండకి ఆ మచ్చలు ఇంకా ముదురుతాయి.

బీరపీచు గుర్తుందా, అమ్మమ్మ వాళ్లింట్లో నూతి దగ్గర వేలాడుతుండేది? సున్నిపిండీ బీరపీచూ మనకి ఎప్పటినుంచో ఉన్నవే, ఇప్పుడు అదే పనికి స్క్రబ్బని వందలు పోసి కొంటున్నాం. వారానికి రెండుసార్లు, నానబెట్టి మెత్తబడిన పీచుతో, చేత్తో నిమిరినట్టు రుద్దితే చాలు. తోమకు. చీము పొక్కులున్న చోట అసలు ముట్టుకోకు. వాడాక పీచుని బాత్రూంలో తడిగా వదిలెయ్యకు, ఎండలో ఆరెయ్.

మెడికల్ షాపులో "మచ్చలకి, దురదకి ఏదైనా ట్యూబ్ ఇవ్వండి" అని మాత్రం అడగకు బుజ్జీ, నీకు దణ్ణం పెడతా. అలా అడిగితే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, అబ్బ ఎంత బాగుందో అనిపిస్తుంది. వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది, చారలు పడతాయి, ఇన్‌ఫెక్షన్ లోపల ముదురుతుంది. మా పిన్ని కూతురు మొహానికి అలాంటిది రాసుకుని ఏడాది పాటు అవస్థ పడింది. డాక్టరు చూసి రాసిస్తే సరే, లేకపోతే వద్దు.

ఇక పెళ్లికి. పెళ్లికూతుర్ని చేసే రోజు నీకు నలుగు పెడతారు కదా. ఆ రోజుకి కనీసం మూడు రోజుల ముందే వ్యాక్సింగ్ అయిపోవాలి. వ్యాక్స్ చేసిన మర్నాడు పిండి పెట్టి రుద్దితే ఒళ్లు భగ్గుమంటుంది. మీ పెద్దమ్మ చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు, ముందే చెప్పి ఉంచు. సాలిసిలిక్ లోషన్ ఆ వ్యాక్సింగ్‌కి వారం ముందు ఆపెయ్, లేకపోతే స్ట్రిప్‌తో పాటు చర్మం కూడా లేచొస్తుంది.

పార్లర్‌లో నువ్వు చూడాల్సినవి కొన్నున్నాయి. వెంట్రుక బియ్యపు గింజంత పొడుగైనా లేకపోతే వ్యాక్స్‌కి అందదు, మధ్యలో తెగుతుంది. తెగిన ముక్క చర్మం కిందే ఉండిపోయి లోపలికి తిరుగుతుంది, మనకి వచ్చే పొక్కుల్లో చాలావాటికి మూలం అదే. వెంట్రుక వాలిన వైపు వ్యాక్స్ రాయాలి, చర్మం బిగబట్టి ఎదురుదిక్కుకి, ఒంటికి ఆనించినట్టు ఒక్క ఊపులో లాగాలి. పైకి ఎత్తి లాగుతుంటే ఆపమని చెప్పు. ఒకే చోట మూడోసారి స్ట్రిప్ వెయ్యనివ్వకు. వాడిన పుల్లనే మళ్లీ డబ్బాలో ముంచుతుంటే లేచి వచ్చెయ్, మొహమాటపడకు. నేను ఒకసారి మొహమాటానికి పడుకుని ఉండిపోయాను, నాలుగో రోజుకి తొడలనిండా చీము పొక్కులే. చేయించుకున్నాక రెండు రోజులు వదులు బట్టలు, జిమ్ వద్దు, బాగా వేడినీళ్లు వద్దు.

రేజరే సుఖం అనుకుంటే దానికీ పద్ధతుంది. రేజర్ వెంట్రుకని ఏటవాలుగా కోస్తుంది, కొన చెక్కిన పెన్సిల్‌లా పదునుగా తయారవుతుంది. అయిదు బ్లేడ్లది అయితే వెంట్రుకని కొంచెం పైకి లాగి కోస్తుంది, తెగిన కొన చర్మం కిందికి జారిపోతుంది. అందుకని నునుపు కోసం పాకులాడకు. స్నానం చివర్లో, చర్మం మెత్తబడ్డాక, నురగ రాసుకుని, వెంట్రుక వాలిన వైపే, చర్మం లాగి పట్టుకోకుండా గీసుకో. అయిదారుసార్లకి బ్లేడు మార్చెయ్. లోపలి బట్టల కింది చోట్ల అయితే రేజరే వద్దంటాను, ట్రిమ్మర్‌తో పొట్టిగా చేసుకుంటే చాలు. రేజర్ గీతల వల్లే కదా, ఆపరేషన్‌కి ముందు కూడా రేజర్‌తో గొరగొద్దని, తప్పదనుకుంటే క్లిప్పరే వాడమని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మీ తమ్ముడి మెడ కింద గడ్డం పొక్కులు కూడా ఇవే. సెలూన్‌లో రెండోసారి ఎదురు గీయించుకోవద్దని చెప్పు. అందరి మొహాల మీదా తిప్పే ఆ పటిక ముక్క కూడా వద్దను, గాటు పడ్డ చర్మానికి ఎవరెవరి ఇన్‌ఫెక్షనో దాంతో అంటుకుంటుంది. ఒక మిల్లీమీటరు ట్రిమ్ చేసుకుంటే సగం బాధ పోతుంది.

పెళ్లయ్యాక తీరిక చూసుకుని, వెంట్రుకలు తగ్గించే లేజర్ గురించి ఆలోచించు. మన రంగుకి డయోడ్ గానీ ఎన్‌డీ-యాగ్ గానీ, ఆ రకం లేజర్ ఉన్నచోట, చర్మం డాక్టరు చేతే చేయించుకోవాలి. ఒక్కసారితో అయ్యేది కాదు, నెలా నెలన్నరకోసారి చొప్పున ఆరేడుసార్లు వెళ్లాలి. పెళ్లి హడావిడిలో మాత్రం మొదలుపెట్టకు.

ఇంకొకటి, ఇది మర్చిపోకు. చంకల్లో, గజ్జల్లో గడ్డలు మళ్లీ మళ్లీ లేచి, పగిలి, కారుతూ ఉంటే అది వెంట్రుక సంగతి కాకపోవచ్చు. హైడ్రాడెనైటిస్ అని వేరే జబ్బుంది. ఆడపిల్లలు చెప్పుకోలేక ఏళ్ల తరబడి దాచుకుంటారు. నీకు అలాంటిది ఉంటే నాకు చెప్పు, ఇద్దరం కలిసే వెళ్దాం. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఏడు వారాల్లో పొక్కులు తగ్గుతాయి. మచ్చలన్నీ పోతాయని మాత్రం నీకు అబద్ధం చెప్పను, కొన్ని ఉంటాయి. ఉన్నా సరే, ఆ పట్టీలు పెట్టుకో. పారాణి నేనే పెడతాను, నీ పాదాలు ఎంత బాగుంటాయో నాకు తెలుసు.

వచ్చే శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నా. బీరపీచు తెస్తున్నా, అమ్మ ఆడించిన సున్నిపిండి కూడా. ఆ ట్వీజర్, పిన్నీసులు ఒక కవర్లో వేసి ఉంచు, వెళ్లేటప్పుడు నాతో పట్టుకుపోతా.

నీ
చిన్ని