పార్కిన్సన్స్ రోగుల మాటలకూ వారానికో గంట ఇవ్వండి

సంపాదకుడు గారికి,

మా ఆయనకు పార్కిన్సన్స్ (చేతులు వణికి, ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు) అని తేలి ఆరేళ్లయింది. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పోయిన నెల పెన్షన్ డబ్బులు తీసుకోవడానికి ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. ఈ జబ్బు వచ్చినవాళ్ల చేతిరాత రానురాను చిన్నదైపోతుంది, చీమల బారులా ఉంటుంది. సంతకం కలవలేదని కౌంటర్లో అమ్మాయి మళ్లీ పెట్టమంది. రెండోసారీ కలవలేదు. వెనక లైన్లోంచి ఎవరో "బాబాయ్ గారూ, కొంచెం తొందరగా కానివ్వండి" అన్నారు. అప్పటిదాకా కుదురుగా ఉన్న చెయ్యి బల్ల మీద టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. చివరికి వేలిముద్ర వేయించుకుని పంపారు. ముప్పై రెండేళ్లు బోర్డు మీద రాసిన మనిషి ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ రోజు మాత్ర వేళకే వేసుకున్నారు. కాబట్టి లోపం మాత్రలో లేదు.

మనసు మీద ఒత్తిడి పడితే వణుకు పెరుగుతుంది. న్యూరాలజీ (నరాల జబ్బుల) డాక్టర్లకు ఈ సంగతి బాగా తెలుసు. పైకి కనిపించని వణుకును బయటపెట్టడానికి వంద లోంచి ఏడేడు తీసేస్తూ లెక్కపెట్టమంటారు. బుర్రకు కాస్త పని పెట్టగానే చెయ్యి కదలడం మొదలవుతుంది. 93, 86, 79 అని తడుముకోకుండా చెప్పిన మా లెక్కల మాస్టారి చెయ్యీ ఆగలేదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2021లో ప్రచురించిన సర్వేలో దాదాపు 5,000 మంది రోగులను అడిగితే, ఒత్తిడి ఉన్నప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా పెరిగేది వణుకేనని తేలింది. నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం కూడా అంతే. ఫోన్ మోగినప్పుడో, లిఫ్ట్ తలుపు మూసుకుపోతున్నప్పుడో, అంటే సరిగ్గా తొందరపడ్డప్పుడే ఆగిపోతాయి. ఇక దిగులు, ఆందోళన అంటారా, జబ్బు వచ్చిందన్న బాధ ఒక్కటే వాటికి కారణం కాదు. మెదడులో డోపమిన్ లాంటి రసాయనాలు తగ్గిపోవడం వల్ల కూడా వస్తాయి. కొందరికి వణుకు మొదలవడానికి కొన్నేళ్ల ముందే దిగులు పట్టుకుంటుంది. అలాంటి మనిషిని కూర్చోబెట్టి "టెన్షన్ పడకండి" అని చెబితే ఏం లాభం? నేనూ ఎన్నిసార్లు అన్నానో ఆ మాట.

ఓపీలో మా వంతు వచ్చాక మాకు దొరికేది ఐదు నిమిషాలు. డాక్టరు గారిని తప్పుపట్టను, బయట జనం అంతమంది ఉంటారు. నడిపించి చూస్తారు, వేళ్లు ఆడించమంటారు, మాత్రల వేళలు మార్చి రాస్తారు. మనసెలా ఉందని అడిగే తీరిక ఉండదు. అయితే అదే ఓపీ బయట బెంచీ మీద ఒకసారి ఓ విశేషం జరిగింది. పక్కన కూర్చున్న రైతు ఒకాయన, "కాలు లేవనప్పుడు నేల మీద గీత ఉందనుకుని దాన్ని దాటండి మాస్టారూ. నేనైతే టైల్సు గీతలు చూసుకుంటూ పోతా" అన్నాడు. మాటల్లో పడి, పెళ్లిళ్లకు వెళ్లడం ఎందుకు మానేశారో ఇద్దరూ చెప్పుకున్నారు. బంతిలో కూర్చుంటే పప్పూ అన్నం చొక్కా మీద పడుతుందని ఈయన బాధ. ముఖం బిగుసుకుపోయి ఉండేసరికి, ఏదో అలిగి వచ్చాడని పెళ్లివారు అనుకుంటున్నారని ఆయన బాధ. ఆ మాటకు ఇద్దరూ పకపకా నవ్వారు. మా ఆయన అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

బెంచీ మీద అనుకోకుండా జరిగినదాన్నే పద్ధతిగా జరిపిస్తే గ్రూప్ థెరపీ అవుతుంది. కొద్దిమంది రోగులు, శిక్షణ పొందిన సైకాలజిస్టు ఒకరు, వారానికోసారి, రెండు నెలల పాటు. "అందరూ నా చేతినే చూస్తున్నారు" అన్న ఆలోచన ఎప్పుడు మొదలవుతోందో పట్టుకోవడం, ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, భయపడి మానేసిన పనుల్లో ఒకదాన్ని ఈ వారం మళ్లీ చేసి చూడటం, ఇలాంటివి నేర్పుతారు. ఇలా మనసును కుదుటపరిచే పద్ధతుల మీద హాంకాంగ్‌లో 138 మంది రోగులతో చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. కొందరు ఎనిమిది వారాలు ధ్యాస నిలిపి యోగా చేశారు, మిగతావారు మామూలు వ్యాయామం చేశారు. కదలికల్లో ఇద్దరికీ ఇంచుమించు సమానంగా మేలు కలిగింది. ఆందోళన, దిగులు మాత్రం యోగా చేసినవారికే ఎక్కువ తగ్గాయి. యోగా మాట ఎత్తగానే మాత్రలు మానేయమని సలహా ఇచ్చే చుట్టాలు మాకూ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇది మందులకు తోడే గానీ బదులు కాదు.

ముంబైలో 2001లో మొదలైన పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ రోగులనూ ఇంటివాళ్లనూ కూడగట్టి బృందాలు నడుపుతోంది. జిల్లాల్లో ఉండే మాలాంటివాళ్లకు సర్కారు ఆస్పత్రే దిక్కు. అక్కడా ఇలాంటి గ్రూపు నడపడానికి ప్రభుత్వం కొత్తగా పథకం పెట్టనక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉన్నదే. అందులో సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను తన జాబితాలో చేర్చింది. ఖాళీగా ఉన్న పోస్టులు నింపి, న్యూరాలజీ ఓపీ ఉన్న రోజునే ఆ బృందం చేత వారానికో గంట ఈ పని చేయిస్తే చాలు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ (మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, మంచిదే. కానీ ఈ జబ్బులో గొంతు కూడా సన్నగిల్లుతుంది. పక్కనున్న నాకే సగం మాటలు వినపడవు, ఫోన్లో అవతలివాళ్లకు ఏం వినపడతాయి?

పెట్టేవాళ్లకు కొన్ని మనవులు. ఎనిమిది మందికి మించి కూర్చోబెట్టవద్దు, మించితే ఒకరి మాట ఒకరికి వినపడదు. మాత్ర పనిచేస్తున్న వేళ చూసి పెట్టాలి, మధ్యాహ్నం దాకా కూర్చోబెడితే సగం మంది బిగుసుకుపోతారు. గది కింది అంతస్తులో ఉండాలి. తలుపు మీద "మానసిక" అన్న మాట రాస్తే మావాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు, "పార్కిన్సన్స్ బుధవారం" అని రాయండి. పక్క గదిలో మాకూ నాలుగు కుర్చీలు వేయించండి. రాత్రి మూడుసార్లు లేచి మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టేవాళ్లకు, పొద్దున్నే చిరాకులో నోరు జారి తర్వాత ఏడ్చుకునేవాళ్లకు కూడా చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఆ రోజు బెంచీ మీద కలిసిన రైతు ఫోన్ నంబరు తీసుకోవడం మరిచిపోయాం. తర్వాతి ఓపీకి వెళ్లినప్పుడు మా ఆయన లోపలికి రాకుండా ఆ బెంచీ దగ్గరే నిలబడి అటూ ఇటూ చూశారు. వాళ్లకు ఇచ్చిన తేదీ వేరేమో, ఆయన రాలేదు.

– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా