ఇల్లు ఇచ్చారు, పనికి వెళ్లే దారి ఏది?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఇది నా నాలుగో ఉత్తరం. ముందు మూడు అర్జీలు వరుసలో నిలబడి ఇచ్చాను. ప్రతిసారీ ఒక రసీదు చేతిలో పెట్టారు. ఆ మూడింటినీ మా అమ్మ రేషను కార్డుతో పాటు ప్లాస్టిక్ సంచిలో దాచింది, ఎవరైనా ఫోను చేస్తే నంబరు చెప్పాలి కదా అని. ఇల్లు మారి ఏడాది దాటింది, ఇంతవరకూ ఫోను రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో మూసీ నదిని శుభ్రం చేసి, ఒడ్డున ఉన్న ఇళ్లు తీసి, తోటలు, దారులు వేసే మూసీ పథకం గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. మాది చాదర్‌ఘాట్ దగ్గర నది ఒడ్డున రెండు గదుల రేకుల ఇల్లు. అమ్మ బొగ్గుతో పాల లెక్క రాసుకునే గోడ మీద 2024లో ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని, అంటే నది గర్భంలో ఉన్న తీసేయాల్సిన ఇల్లు అని గుర్తు, రాసి వెళ్లారు. మేము అడ్డుపడలేదు. జలాశయాల గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని బడికి పరుగెత్తిన వాళ్లం. 2025 సెప్టెంబరులో మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చినప్పుడు అమ్మ టీవీ ముందు చేతులు జోడించి కూర్చుంది, మనం అక్కడ లేము అని. గట్టి గోడల ఇల్లు ఇచ్చినందుకు మీకు కృతజ్ఞతలు. మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

కానీ అయ్యా, మా అమ్మ మలక్‌పేటలో నాలుగు ఇళ్లలో పని చేసేది. పాత ఇంటి నుంచి పావుగంట నడక. ఐదున్నరకల్లా మొదటి ఇంట్లో గిన్నెలు తోమి, ఆ పిల్లలు బడికి వెళ్లేలోపు ఇల్లు తుడిచి, మధ్యలో వచ్చి మాకు అన్నం వండి, మళ్లీ వెళ్లేది. ఇప్పుడు మేమున్నది ఊరి శివారులో ఆరో అంతస్తు. మొదటి బస్సు ఏడు దాటాక గానీ రాదు. ఆడవాళ్లకు టికెట్ లేదు, నిజమే, ఆ మేలు మరువం. అయితే తెల్లవారుజామున ఆ బస్సే లేకపోతే ఏమి చేయాలి? అమ్మ మూడున్నరకు లేస్తుంది. మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి, వీధి దీపాలు లేని దారిలో, చేతిలో ఫోను లైటు పట్టుకుని పెద్ద రోడ్డు దాకా నడుస్తుంది. అక్కడ షేర్ ఆటో. అది నిండితే గానీ కదలదు. రెండు రోజులు ఆలస్యమైతే మూడో రోజు ఇంకొకరిని పెట్టుకున్నారు. నాలుగు ఇళ్లు రెండయ్యాయి. వచ్చే జీతంలో ఆటోకు పోగా ఏమి మిగులుతుందో మీరే లెక్క వేయండి. ఆమె వయసు యాభై ఆరు. సాయంత్రం మెట్ల మీద మూడు చోట్ల కూర్చుని పైకి వస్తుంది, ఎందుకంటే లిఫ్టు నెలలో సగం రోజులు పని చేయదు.

మా కింది అంతస్తులో ఉండే పెద్దాయన అఫ్జల్‌గంజ్‌లో అరటిపండ్లు అమ్మేవారు. ఆయన తోపుడు బండి మా భవనం గోడకు ఆనించి ఉంది, చక్రాలు తుప్పు పట్టాయి. రోజూ దాన్ని ఒకసారి తుడిచి వస్తారు.

తాళం చెవి ఇచ్చిన రోజున అధికారి ఏమన్నారో నాకు మాట మాట గుర్తుంది. నెల తిరిగేలోపు బస్సు వేస్తాం, కింద షాపులు కట్టి మహిళా సంఘాలకు ఇస్తాం అన్నారు. ఆ మాట నమ్మే సంతకం పెట్టాము. మాతో పాటు లేచిన కొందరికి మలక్‌పేటలోనే ఇళ్లు దొరికాయి. వాళ్లు పాత పనులే చేసుకుంటున్నారు. అంటే దగ్గరలో ఇవ్వడం కుదరని పని కాదు.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది బతికారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. నది ఒడ్డున తోటలు వేశారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలు తీసేసి నాంపల్లి, మల్లేపల్లి వైపు ఇళ్లు కట్టించింది. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్‌కు నడిచి వెళ్లవచ్చు. వందేళ్ల కిందట ఆ ఆలోచన చేసినవాళ్లకు ఇన్ని బస్సులు, ఇంత మెట్రో లేవు.

రేపు 55 కిలోమీటర్ల పొడవునా నడక దారులు, పచ్చిక, దీపాలు వస్తాయంటున్నారు. రావాలి. ఆ కంపు పీల్చి పెరిగిన నాకంటే ఎక్కువగా శుభ్రమైన మూసీని ఎవరు కోరుకుంటారు? కానీ ఆ దారులు తెల్లవారకముందే ఊడ్చేవాళ్లు, ఆ మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు ఎక్కడి నుంచి రావాలో ఆ నక్షాలో ఎక్కడైనా రాశారా? ఒడ్డున కట్టబోయే వాటిలో మా వంటి వాళ్లకు కొన్ని ఇళ్లు, బండి పెట్టుకోవడానికి నాలుగు గజాల చోటు ఉంచండి. అది ఇవ్వలేమంటే ఆ మాటైనా మాకు కాగితం మీద రాసి ఇవ్వండి.

అదంతా తేలడానికి ఏళ్లు పడుతుందని నాకు తెలుసు. ముందు ఒక్క బస్సు వేయండి. ఉదయం ఐదు గంటలకు, మా కాలనీ గేటు నుంచి మలక్‌పేట మీదుగా అఫ్జల్‌గంజ్ దాకా. ఎంతమంది ఎక్కుతారో అనుమానముంటే ఏ రోజైనా నాలుగింటికి మా గేటు దగ్గరికి ఒక మనిషిని పంపి లెక్క పెట్టించండి. అమ్మతో పాటు నేనూ అక్కడే ఉంటాను.

ఇట్లు,
ఒకప్పటి మూసీ ఒడ్డు నివాసి