టీకా వేసే రోజునే ఆ పరీక్ష కూడా చేయాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మగపిల్లల్లో వృషణం సంచిలోకి దిగకుండా పైనే ఉండిపోయే లోపం గురించి మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పరు కనుక, అమ్మమ్మనైన నేనే రాస్తున్నాను. మా మనవణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకొని నూనె రాసి నీళ్లు పోసేటప్పుడు, కుడివైపు సంచి చదునుగా, చేతికి ఖాళీగా తగలడం మూడో నెలలోనే గమనించాను. చూపించిన చోట "పెద్దయ్యాక అదే దిగుతుంది" అన్నారు. ఆ మాట నమ్మి ఐదేళ్లు ఆగాం. చివరికి పిల్లల సర్జన్ చూసి, ఈ ఆపరేషన్ ఏడాదిన్నర లోపే అయిపోవలసిందని చెప్పినప్పుడు మా అమ్మాయి ముఖంలోకి చూడలేకపోయాను.

వృషణాలు గర్భస్థ శిశువు పొట్టలో తయారై, ఏడో నెల ప్రాంతంలో గజ్జల దారిన సంచిలోకి దిగుతాయి. అందుకే నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవారిలో ఈ లోపం ఎక్కువ. నెలలు నిండిన మగపిల్లల్లోనూ నూటికి సుమారు 3 శాతం మందికి ఉంటుంది. చాలామందిలో కారణం ఫలానా అని తేలదు గానీ, తల్లి గ్రహణం నాడు బయట తిరగడం మాత్రం కారణం కాదు. మా అమ్మాయి ఆ నింద కూడా మోసింది.

దిగేదైతే ఆరు నెలల్లోపే దిగుతుంది. సంచిలో వేడి ఒంటి వేడి కన్నా 2, 3 డిగ్రీలు తక్కువ కాబట్టి, పైన చిక్కుకున్న వృషణం ఆ ఎక్కువ వేడికి దెబ్బతిని సంతాన సామర్థ్యం తగ్గవచ్చు, యౌవనంలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. 6 నుంచి 18 నెలల మధ్య గజ్జ దగ్గర చిన్న కోతతో దాన్ని దించి సంచిలో కుట్టి నిలుపుతారు. చేతికి తగలకపోతే లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి, పొట్టలో వెతుకుతారు. చలికి పైకి పోయి, వెచ్చబడగానే దిగే వృషణం సంగతి వేరు. దాన్ని ఏడాదికోసారి డాక్టరుకు చూపిస్తే సరిపోతుంది.

పిల్లల్లో లోపాలను ముందే పరీక్షించి గుర్తించడానికి ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోని 9 పుట్టుక లోపాల్లో గ్రహణం మొర్రి, వంకర పాదం ఉన్నాయి, ఇది లేదు. మూడున్నర నెలలకు, మళ్లీ 9 నెలలకు పిల్లలు టీకాకు ఎలాగూ వస్తారు. టీకా వేసే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) చేతులు వెచ్చబరచుకొని, లంగోటీ విప్పి తడిమి చూడటానికి నిమిషం చాలు. తల్లీబిడ్డల కార్డులో "రెండూ దిగాయా?" అనే గడి ఒకటి చేర్చి, తొమ్మిదో నెలలో "లేదు" అని పడిన ప్రతి బిడ్డనూ పిల్లల సర్జన్ దగ్గరకు పంపేలా రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక అమ్మమ్మ, తెనాలి