హైతీ కట్టిన మూల్యం

సంపాదకులకు నమస్కారం.

కరీబియన్ దీవుల్లోని హైతీ దేశం పేరు పత్రికల్లో కనిపిస్తే ముఠాల కాల్పులో, భూకంపమో అయి ఉంటుంది. ఆ దేశం ఎందుకు పేదదైందో రాసేవారు తక్కువ.

ఫ్రాన్స్ వలసగా ఉండగా, తోటల్లో పనిచేసే బానిసలే తిరగబడి, ఫ్రాన్స్ సైన్యాన్ని ఓడించి 1804లో స్వతంత్రం ప్రకటించుకున్న దేశమది. 1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, తోటల యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నాడు. విముక్తులైన మనుషుల వెల కూడా అందులో ఉంది! 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. అది కట్టడానికి ఫ్రాన్స్ బ్యాంకుల దగ్గరే అప్పు చేయాల్సి వచ్చింది. ఆ అప్పుల చెల్లింపులు 1947 దాకా సాగాయి. మధ్యలో 1915 నుంచి 1934 వరకు అమెరికా సేనల ఆక్రమణ.

మాది గోదావరి డెల్టాలో వరి రైతు కుటుంబం. అందుకే బియ్యం సంగతి నన్ను మరీ బాధపెట్టింది. హైతీలో 1995లో బియ్యంపై దిగుమతి సుంకాన్ని 3 శాతానికి దించారు. అమెరికా సబ్సిడీ బియ్యం చవకగా వచ్చిపడి అక్కడ వరి పండించే ఆర్టిబోనైట్ లోయ రైతులు చితికిపోయారు. ఆ విధానం పొరపాటేనని అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ 2010లో ఒప్పుకున్నారు. పోయిన పంట తిరిగి రాలేదు.

ఆనాటి పరిహారంపై చరిత్రకారుల సంయుక్త సంఘం వేస్తామని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. సంఘంతో సరిపెట్టకుండా ఆ సొమ్ము వెనక్కి ఇవ్వాలి. మీ అంతర్జాతీయ పేజీలో ఈ విషయంపై సమగ్ర కథనం వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అమలాపురం