వార్షిక నివేదిక 2024–25: వసారాలో గిన్నెల వల

మన కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు మురుగు కాలువ పూడిక రెండుసార్లు తీయించాం. వీధి దీపాలు మార్పించాం. సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగింది, తీర్పు మీద గొడవ కూడా ఎప్పటిలాగే జరిగింది. జమాఖర్చులు భవనం నోటీసు బోర్డులో పెట్టాం. ఇక మిగిలింది గిన్నెల వల. ఏడాది పొడుగునా మనం వాదులాడుకున్నది దాని గురించే.

ఆలోచన మన కుర్రాళ్లది. బీహార్‌లోని ఖగౌల్‌లో పుట్టిన సుబోధ్ గుప్తా స్టీలు సామానుతో శిల్పాలు కడతారు. 2006లో ఆయన చేసిన ఓ భారీ పుర్రె నిండా వంటింటి సామానే. కుర్రాళ్లు దాని ఫొటో చూపించి, 'మన అటకల మీద సామాను లేదా?' అన్నారు. పూసపాటిరేగ దగ్గర చింతపల్లి తీరం నుంచి చిరిగిన చేపల వల తెచ్చి వసారా దూలాలకు కట్టారు. ఇంటింటికీ తిరిగి సొట్టపోయిన గిన్నెలు, మూతల్లేని క్యారియర్లు, పిడి ఊడిన గరిటెలు పోగేశారు.

మొదట బైండింగ్ వైరుతో కట్టాం. అది నా తప్పు, చవగ్గా వస్తుందని నేనే పట్టుబట్టాను. ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి, కొత్త సున్నం వేసిన గోడ మీద ఎర్రటి చారలు కారాయి. ఓ రాత్రి నాలుగు గిన్నెలు ఒక్కసారే పడితే వీధి వీధంతా దొంగలనుకుని లేచింది. ఘనాలో పుట్టి నైజీరియాలో ఏళ్ల తరబడి పనిచేసిన శిల్పి ఎల్ అనాట్సుయి సారా సీసాల మూతలను రాగి తీగతో కుట్టి, దుప్పటిలా మడతపడే పెద్ద తెరలు చేస్తారని అప్పుడు తెలిసింది. రాగికి ఈ తుప్పు బెడద లేదు, ఎటు వంచితే అటు వంగుతుంది. మోటార్ల రివైండింగ్ షాపులో పాత తీగ తూకానికి కొని, అంతా విప్పి మళ్లీ కట్టాం.

'ఇదీ ఒక కళేనా, పాత సామాన్ల కొట్టులా ఉంది' అన్నవారికి నా జవాబు ఒక్కటే. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి చింతమాను కొసన ఆసనం బిగించి, పూజారిని కూర్చోబెట్టి, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతాం. ముందు తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. చెట్టునూ వలనూ ఊరేగించే మనకు ఇది కొత్తా?

అయినా జనాన్ని అక్కడ నిలబెట్టింది నా వాదన కాదు, గిన్నెల మీది పేర్లు. మన ఇళ్లలో స్టీలు గిన్నె కొంటే పేరు చెక్కించకుండా వదలం కదా. ఫలానా వారి గృహప్రవేశం, ఫలానా అమ్మాయి ఓణీల ఫంక్షన్ అని తేదీతో సహా ఉంటాయి. కాలనీలో ఎవరెవరు ఎవరికి ఏం చదివించారో వల కింద నిలబడితే చదువుకోవచ్చు. మూడో వీధి మామ్మగారు తన పెళ్లినాటి మరచెంబును గుర్తుపట్టి, 'దీన్ని ఎవరిచ్చారు మీకు?' అని కోడలి వైపు చూశారు. ఆ సంగతి సంఘం పరిధిలోకి రాదు.

ఇద్దరు సభ్యులు తమ సామాను వెనక్కి అడిగారు. ఒకరిది ఇచ్చేశాం. మామ్మగారి మరచెంబు వల నడిమధ్యన ఉంది, తీస్తే చుట్టూ ఉన్నవి జారిపోతాయి. సిరిమాను పండగకు ముందు వల దించి తోమిస్తాం, అప్పుడు అందజేస్తాం. తోమడానికి వచ్చేవారు చింతపండు వెంట తెచ్చుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి, విజయనగరం