వార్షిక నివేదిక: ఒక్క ఓటూ పడని ఉప ఎన్నిక

సభ్యులకు నమస్కారం. మన చరిత్ర అధ్యయన సంఘం ఈ ఏడాది ఎక్కువగా పట్టించుకున్నది ఒక్క స్థానాన్నే: లండన్‌లోని వాండ్స్‌వర్త్ సెంట్రల్. 1940 జూన్ 22న, జర్మనీతో యుద్ధ విరమణ పత్రంపై ఫ్రాన్స్ సంతకం చేసిన రోజునే, అక్కడ ఎర్నెస్ట్ బెవిన్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

రవాణా కార్మిక సంఘం నేత బెవిన్‌ను మే నెలలో చర్చిల్ కార్మిక మంత్రిగా తీసుకున్నారు. అప్పటికి ఆయన ఎంపీ కారు. మంత్రి ఆరు నెలల్లోగా సభ్యుడు కావాలని మన రాజ్యాంగంలో ఉన్న గడువు బ్రిటన్‌లో లేదు. అయినా దిగువ సభ అయిన కామన్స్ సభలో నిలబడి జవాబు చెప్పలేని మంత్రితో యుద్ధకాలంలో నెట్టుకురావడం కష్టం. అందుకే లేబర్ ఎంపీ హ్యారీ నేథన్‌ను ఎగువ సభ అయిన ప్రభువుల సభకు పంపి సీటు ఖాళీ చేయించారు.

పోటీ లేదంటే పని లేదని కాదు. ఎన్నిక జరపమనే ఆదేశం (రిట్) జారీ కావాలి. నామినేషన్ పత్రంపై ప్రతిపాదించేవారు, బలపరిచేవారు, మరో ఎనిమిది మంది ఓటర్లు, మొత్తం పది సంతకాలు ఉండాలి. అప్పట్లో 150 పౌండ్ల డిపాజిట్ కట్టాల్సి వచ్చేది. పోలైన ఓట్లలో ఎనిమిదో వంతు రాకపోతే అది గల్లంతయ్యేది. గడువు ముగిసేసరికి బరిలో ఒక్కరే ఉంటే రిటర్నింగ్ అధికారి వారే ఎన్నికైనట్టు ప్రకటిస్తారు, పోలింగ్ ఉండదు.

పోటీ లేకపోవడానికి కారణం 1939 సెప్టెంబరులో కన్జర్వేటివ్, లేబర్, లిబరల్ పార్టీలు చేసుకున్న ఒప్పందం. ఖాళీ అయిన సీటు ఏ పార్టీదైతే ఆ పార్టీయే అభ్యర్థిని నిలుపుతుంది, మిగతా రెండూ పక్కకు తప్పుకుంటాయి. అది చట్టం కాదు. పది సంతకాలు, డిపాజిట్ సొమ్ము దొరికితే ఎవరైనా నిలబడవచ్చు. అదే నెలలో, అదే లండన్‌లో, బో అండ్ బ్రోమ్లీలో లేబర్ అభ్యర్థిపై కమ్యూనిస్టులు పోటీకి దిగారు. కాబట్టి ఏకగ్రీవాన్ని ప్రజామోదంగా చదవడం తొందరపాటే అవుతుంది.

పట్టికలు తయారుచేస్తున్న సభ్యులకు ఒక మాట. ఏకగ్రీవమైన చోట ఓట్ల గడిలో సున్నా వేయకండి, గీత పెట్టండి. సున్నా వేస్తే పోలింగ్ జరిగి ఎవరూ రానట్టు అర్థం వస్తుంది, సగటు పోలింగ్ శాతమూ తప్పుతుంది.

వాండ్స్‌వర్త్ సెంట్రల్ ఓటర్లు అంతకుముందు ఓటేసింది 1937 ఉప ఎన్నికలో, తర్వాత వేసింది 1945లో. 1935లో ఎన్నికైన పార్లమెంటు గడువును ఏటా చట్టం చేసి పొడిగించడంతో సాధారణ ఎన్నికలూ అప్పటిదాకా జరగలేదు.

వచ్చే ఏడాదికి 1942 మార్చి నాటి గ్రాంథమ్ ఉప ఎన్నికను ఎంచుకున్నాం. అక్కడ స్వతంత్ర అభ్యర్థి డెనిస్ కెండాల్ గెలిచి ఒప్పందానికి గండి కొట్టారు.