గ్లాసులో మందెంతో మెనూలో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు చర్చ్ స్ట్రీట్, ఇందిరానగర్ వైపు కొత్త కాక్‌టెయిల్ బార్ల మెనూ కార్డుల్లో ఏ ఆకు వేశారో, ఏ పొగ పట్టించారో వివరంగా ఉంటుంది. మందు ఎన్ని మిల్లీలీటర్లో మాత్రం ఉండదు.

నెగ్రోనీ అనే కాక్‌టెయిల్‌లో జిన్, కాంపారి అనే చేదు మద్యం, తీపి వెర్ముత్ అనే ఒక రకం వైన్ 30 మి.లీ. చొప్పున పడతాయి. చేదు వల్ల దాన్ని ఎవరైనా నిదానంగానే తాగుతారు. లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ అలా కాదు. వోడ్కా, జిన్, వైట్ రమ్, టెకీలా, ఆరెంజ్ లిక్కర్ 15 మి.లీ. చొప్పున కలిస్తే 75 మి.లీ., అంటే రెండున్నర చిన్న పెగ్గులు. నిమ్మరసం, చక్కెర పాకం, కోలా ఆ ఘాటును కప్పేస్తాయి. పేరులో టీ ఉంది, టీ చుక్క ఉండదు!

ఐసు సంగతీ ఉంది. పెద్ద గడ్డ మెల్లగా కరుగుతుంది. అప్పటికే చెమర్చిన చిన్న ముక్కలతో షేక్ చేస్తే నీళ్లు ఎక్కువై రుచి పల్చబడుతుంది. తాగేవారు మందు తక్కువ పోశారనుకుని ఇంకొకటి తెప్పిస్తారు. నీళ్లు కలిసినంత మాత్రాన మందు తగ్గదు.

ఎంత తాగారో తెలియక బండెక్కితే చిక్కే. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటి బండి నడిపితే మొదటిసారికే రూ.10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రతి కాక్‌టెయిల్ పేరు పక్కన మొత్తం మందు కొలత అచ్చు వేయాలని ఎక్సైజ్ శాఖ ఆదేశించాలి. బార్ యజమానులు అందాకా ఆగనక్కర్లేదు, రేపటి మెనూలోనే వేయొచ్చు.

– ఒక పాఠకుడు, ఇందిరానగర్, బెంగళూరు